దుర్గాబాయి సభలో ఏం చేశారో కూడా రాయండి

సంపాదకుడు గారికి,

ఏటా జూలై 15న, మే 9న తెలుగు పత్రికల్లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి ఒక వ్యాసం తప్పక కనిపిస్తుంది. 1909లో రాజమండ్రిలో పుట్టడం, 1923 కాకినాడ కాంగ్రెస్ సమయంలో ఖద్దరు ప్రదర్శన దగ్గర టికెట్ లేదని నెహ్రూను ఆపేయడం, ఉప్పు సత్యాగ్రహం, జైళ్లు, 1937లో మద్రాసులో మొదలైన ఆంధ్ర మహిళా సభ, 1975లో పద్మవిభూషణ్, 1981లో మరణం. ఇవన్నీ నిజాలే, రాయవలసినవే. కానీ ఆమె శాసనకర్తగా పనిచేసిన సుమారు ఐదేళ్లను ఆ వ్యాసాలు ఒకే వాక్యంలో దాటేస్తున్నాయి: "రాజ్యాంగ సభ సభ్యురాలిగా 750 సవరణలు ప్రతిపాదించారు." ఆ సవరణలు వేటి మీద? ఏ మాట తీసి ఏ మాట పెట్టమన్నారు? సభ ఒప్పుకున్నవేవి, తోసిపుచ్చినవేవి? ఒక శాసనకర్త గురించి అడగవలసిన మొదటి ప్రశ్నలు ఇవి. వీటికి జవాబులు అచ్చులో ఉన్నాయి, ఎవరైనా తీసి చదువుకోవచ్చు. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడవుగా రాస్తున్నాం.

ముందు ఆ 750 సంగతి. ముసాయిదా రాజ్యాంగం మీద సభకు అందిన సవరణ నోటీసులు 7,635. వాటిలో సభ్యులు లేచి నిజంగా ప్రవేశపెట్టినవి 2,473. ఈ రెండు అంకెలూ సభ ముగింపు ప్రసంగాల్లోనే ఉన్నాయి. అందరూ కలిసి ప్రవేశపెట్టినవే 2,473 అయితే, 750 ఒక్కరివే అనడం దాదాపు మూడో వంతు ఆమెవే అనడం అవుతుంది. నోటీసులను, ప్రవేశపెట్టిన సవరణలను, ఆ తర్వాత చట్టసభలో బిల్లుల మీద ఇచ్చిన సవరణలను విడదీయకుండా ఆ అంకెను ఇలా వాడుకుంటూ పోవడం సరికాదు. పైగా అంకె ఎంత పెద్దదైతే లోపలి పని అంత కనబడకుండా పోతుంది. ఆమె మార్పించిన రెండు మాటలు ఈనాటికీ రాజ్యాంగంలో ఉన్నాయి. వాటి గురించి చెబితే ఏ అంకె అవసరమూ ఉండదు.

సవరణ ఎలా నడుస్తుందో తెలియకపోతే ఆమె చేసిన పని విలువ తెలియదు. ముసాయిదా కమిటీ 1948 ఫిబ్రవరిలో అచ్చు వేయించిన ముసాయిదాలో 315 అధికరణాలు ఉండేవి. 1948 నవంబరు 15 నుంచి 1949 అక్టోబరు 17 వరకు వాటిని ఒక్కొక్కటిగా చర్చకు తీశారు. సభ్యులు ముందే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసులన్నీ వరుస సంఖ్యలతో జాబితాగా అచ్చవుతాయి. ఆ అధికరణం వంతు వచ్చిన రోజున అధ్యక్ష స్థానంలో ఉన్నవారు సంఖ్య చదువుతారు. సభ్యుడు లేచి "ప్రతిపాదిస్తున్నాను" అనాలి. అనకపోతే, ఆ రోజు సభకు రాకపోతే, ఆ నోటీసు అక్కడితో సరి. ప్రతిపాదించాక కారణం చెప్పాలి. మిగతావారు మాట్లాడాక ముసాయిదా కమిటీ తరఫున అంబేద్కర్ జవాబిస్తూ ఏ సవరణను ఒప్పుకుంటున్నారో, ఏది ఒప్పుకోవడం లేదో చెబుతారు. అప్పుడు ఓటు, చాలావరకు మూజువాణి ఓటు. సవరణలన్నీ తేలాక సవరించిన అధికరణాన్ని రాజ్యాంగంలో చేరుస్తారు.

ఏడు వేల ఆరు వందల నోటీసులు ఈ వరుసలోనే నడిచాయి కాబట్టి, ఏవి గెలిచాయో కాస్త చూస్తే ఒక సంగతి తెలిసిపోతుంది. అధికరణం కట్టడాన్నే మార్చమన్నవి ఎక్కువగా వీగిపోయాయి. ప్రొఫెసర్ కె.టి. షా మంచి పండితుడు. ఆయన 1948 నవంబరు 15న మొదటి అధికరణంలోనే "లౌకిక, సమాఖ్య, సామ్యవాద" అన్న మాటలు చేర్చాలన్నారు, సభ ఒప్పుకోలేదు. అందులో రెండు మాటలు పీఠికలోకి రావడానికి 1976 దాకా ఆగవలసి వచ్చింది. దుర్గాబాయి పద్ధతి వేరు. వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, అర్థం జారిపోయే ఒక్క చోట మాట మార్చమనేవారు. అలాంటి సవరణను కాదనాలంటే ముసాయిదా కమిటీయే కారణం వెతుక్కోవాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం, ఆ తర్వాత మద్రాసులో న్యాయశాస్త్రం చదివి వకీలుగా పనిచేసిన మనిషి పద్ధతి ఇది. సభా నియమాలు రాసిన కమిటీలోనూ, సభ పని క్రమాన్ని నడిపిన స్టీరింగ్ కమిటీలోనూ ఆమె సభ్యురాలు. సభాపతి లేనప్పుడు అధ్యక్షత వహించే ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళ కూడా ఆమే. నోటీసు ఎప్పుడివ్వాలి, ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నవి ఆమెకు కొట్టినపిండి.

ఇక ఆ రెండు మాటల సంగతి.

ఇప్పటి 25వ అధికరణం మత స్వేచ్ఛకు సంబంధించింది. ముసాయిదాలో అది 19వ అధికరణం. 1948 డిసెంబరు మొదటి వారంలో చర్చకు వచ్చింది. ప్రజా స్వభావం ఉన్న హిందూ మత సంస్థల తలుపులు తెరిచే చట్టాలు చేయడానికి మత స్వేచ్ఛ అడ్డం కాదని అందులో రెండో ఖండం చెబుతుంది. ఎవరికి తెరవాలి? ముసాయిదాలో "ఎనీ క్లాస్ ఆర్ సెక్షన్ ఆఫ్ హిందూస్" అని ఉంది. దుర్గాబాయి దాన్ని "ఆల్ క్లాసెస్ అండ్ సెక్షన్స్" అని మార్చాలని సవరణ పెట్టారు. ఖండం పరిధిని పెంచడమే తన ఉద్దేశమని చెప్పారు. ఆలయాలతో ఆగకుండా మఠాలు, వేద పాఠశాలల వంటి సంస్థలను కూడా సభ దృష్టికి తెచ్చారు. సవరణ నెగ్గింది. ఇప్పుడు రాజ్యాంగం తెరిచి 25(2)(బి) చూస్తే ఉన్నది ఆమె మాటే.

తెలుగులో చెప్పుకుంటే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. "ఏ వర్గానికైనా" అంటే ఏదో ఒక వర్గానికి తెరిచినా సరిపోతుంది. ఒక ప్రభుత్వం ఒక కులానికి గుడి తెరిచే చట్టం చేసి, పక్క కులం సంగతి తర్వాత చూద్దాం అన్నా ఆ మాటకు లోబడినట్టే. "అన్ని వర్గాలకూ, అన్ని విభాగాలకూ" అంటే ఆ సందు మూసుకుపోతుంది. చట్టం ఉద్దేశమే అందరికీ తెరవడం అవుతుంది.

ఇక్కడ ఒక సందేహం రావడం సహజం. అంటరానితనాన్ని రద్దు చేసే అధికరణం (ముసాయిదాలో 11, ఇప్పుడు 17) అంతకు వారం ముందే, 1948 నవంబరు 29న, సభ ఆమోదం పొందింది కదా, మళ్లీ ఈ గొడవ ఎందుకు? ఎందుకంటే 17వ అధికరణం పట్టుకునేది అంటరానితనాన్ని మాత్రమే. గుడిలో ఎవరు ఎంతవరకు వెళ్లవచ్చు, ఏ సంప్రదాయం వారి గుడిలోకి ఏ సంప్రదాయం వారు రాకూడదు, ఏ మఠంలో ఏ కులం పిల్లవాడికి చదువు చెప్పరు అన్న తేడాలు అంటరానితనం అన్న మాటకు అందకుండా తప్పించుకుంటాయి. "అన్ని వర్గాలు, అన్ని విభాగాలు" అన్న మాట వాటిని కూడా కలుపుకుంటుంది. అదే అధికరణం కింది వివరణ ప్రకారం ఈ ఖండంలో హిందువులన్న మాటలో సిక్కులు, జైనులు, బౌద్ధులు కూడా చేరతారు.

ఆ మాట బలం పదేళ్లు తిరగకముందే సుప్రీంకోర్టులో పరీక్షకు వచ్చింది. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని మూల్కిలో ఉన్న వెంకటరమణ ఆలయం గౌడ సారస్వత బ్రాహ్మణులది, తమ శాఖ గుడిలోకి ఎవరిని రానివ్వాలో తామే తేల్చుకుంటామని ధర్మకర్తలు వాదించారు. మత శాఖలకు సొంత వ్యవహారాలు నడుపుకునే హక్కు 26వ అధికరణం ఇస్తోంది. మరోవైపు 1947 నాటి మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం ఉంది, దానికి అండగా 25(2)(బి) ఉంది. రెండింటిలో ఏది పైచేయి? వెంకటరమణ దేవరు కేసులో 1957 నవంబరులో వెలువడిన తీర్పు 25(2)(బి)నే పైన నిలబెట్టింది. అందరి ప్రవేశ హక్కును వట్టిపోనివ్వకుండా చూస్తూనే, కొన్ని ప్రత్యేక పూజా సమయాలను శాఖవారికి విడిచిపెట్టింది. ఆలయ ప్రవేశం మీద ఆ తర్వాత నడిచిన వాదాల్లో ఈ తీర్పును ఎత్తుకోనివారు తక్కువ.

ఈ విషయంలో పత్రికలు చేసే పొరపాటు ఒకటుంది. "దుర్గాబాయి ఆలయ ద్వారాలు తెరిపించారు" అని శీర్షిక పెడతారు. ఆ ఖండం తనంతట తాను ఏ తలుపూ తెరవదు. చట్టం చేయడానికి ప్రభుత్వానికి ఉన్న దారిలో మత స్వేచ్ఛను అడ్డం పెట్టనివ్వదు, అంతే. చట్టం శాసనసభ చేయాలి, అమలు అధికారులు చేయాలి. చట్టం వచ్చినప్పుడు అది ఎంతమందిని కలుపుకోవాలో ఆమె నిర్ణయించారు. ఉన్నది ఉన్నట్టు చెబితే ఆమె గౌరవం ఏమీ తగ్గదు.

రెండోది వయసు. ముసాయిదాలో పార్లమెంటు సభ్యుల అర్హతలకు వేరే అధికరణం లేదు. 1949 మేలో 68-ఎ అని కొత్తగా తెచ్చారు. ఇప్పుడది 84వ అధికరణం. రాజ్యసభకు కనీస వయసు 35 ఏళ్లు అని ప్రతిపాదించారు. అది రాష్ట్రపతి పదవికి పెట్టిన వయసే. పై సభ అంటే పెద్దల సభ, తొందరపాటుకు పగ్గం వేసే సభ, కాబట్టి వయసు పైబడినవారు ఉండాలన్నది అప్పటి ఆలోచన. దుర్గాబాయి 35ను 30 చేయమన్నారు. వివేకం వయసును బట్టి రాదనీ, కొత్త చదువులతో ఈ కాలపు అబ్బాయిలు, అమ్మాయిలు ముందుగానే బాధ్యత తెలుసుకుంటున్నారనీ వాదించారు. అమ్మాయిల మాట విడిగా ఎత్తడం గమనించాలి. సభ ఒప్పుకుంది. 84(బి)లో రాజ్యసభకు 30, లోక్‌సభకు 25 అని ఉన్నది అందుకే. రాష్ట్రాల శాసన మండళ్లకు 173వ అధికరణం కూడా 30 ఏళ్లే చెబుతోంది. లోక్‌సభ వయసు తగ్గించింది ఆమేనని కొన్నిచోట్ల రాస్తున్నారు, అది తప్పు. ఆమె సవరణ పై సభ గురించి.

మూడోది భాష. దీని మీద ఆమె గెలవలేదు, అయినా చదవవలసిన ప్రసంగమే. 1949 సెప్టెంబరు 12 నుంచి 14 వరకు సభ అధికార భాష మీద వాదించుకుంది. 14న దుర్గాబాయి మాట్లాడారు. జాతీయ భాష హిందుస్తానీయే కావాలని, అంటే హిందీ ఉర్దూ కలిసినది కావాలని ఆమె పక్షం. హిందీ తెలియక అన్న మాట కాదు అది. చిన్న వయసులోనే హిందీ నేర్చుకుని, ఆడపిల్లలకు హిందీ పాఠశాల నడిపిన మనిషి. ఆ అనుభవం ఉంది కాబట్టే, దక్షిణాదివారు ఇష్టపడి మొదలుపెట్టిన పనిని బలవంతపు ప్రచారంతో చెడగొడుతున్నారని హిందీ పక్షంవారి ముఖం మీదే చెప్పగలిగారు. హిందీ రాదన్నవారి మాటను తోసేయడం తేలిక. హిందీ నేర్పిన తెలుగు స్త్రీ మాటను తోసేయడం కష్టం.

చివరికి మున్షీ, గోపాలస్వామి అయ్యంగార్ల సూత్రమే నెగ్గింది. 343వ అధికరణంలో దేవనాగరి లిపిలో హిందీ, అంతర్జాతీయ రూపంలో అంకెలు, 15 ఏళ్లపాటు ఇంగ్లిషు. ఆ గడువు 1965 జనవరితో ముగిసేలోపే 1963 అధికార భాషల చట్టం ఇంగ్లిషును కొనసాగించింది. హిందుస్తానీ పేరు 343లోకి రాలేదు గానీ 351వ అధికరణంలో మిగిలింది. హిందీ తన సహజ స్వభావం చెడకుండా హిందుస్తానీ నుంచి, ఎనిమిదో షెడ్యూలు భాషల నుంచి రూపాలు, శైలి తీసుకోవాలని అక్కడ ఉంది. ఓడిన పక్షం వాదన కూడా రాజ్యాంగంలో ఒక మూల చోటు దొరికించుకుంటుందనడానికి ఇది ఉదాహరణ. హిందీ వివాదం మళ్లీ రేగిన ప్రతిసారీ ఆ మూడు రోజుల చర్చను పత్రికలు తిరగేస్తే తెలుగు పాఠకులకు మేలు. అందులో మనవాళ్ల మాట ఉంది.

హిందువుల పెళ్లి, విడాకులు, వారసత్వ నియమాలను మార్చడానికి తెచ్చిన హిందూ కోడ్ బిల్లు గురించి ఎక్కువ రాయం. అది ఇంకో ఉత్తరం అవుతుంది. ఆమె ఆ బిల్లు పక్షాన నిలబడ్డారు. బిల్లు ముక్కలైంది, 1951 సెప్టెంబరులో అంబేద్కర్ రాజీనామా చేశారు, ఆ తర్వాత 1955, 56లలో నాలుగు చట్టాలుగా వచ్చింది. 1956 వారసత్వ చట్టం కూతురికి తండ్రి స్వార్జితంలో వాటా ఇచ్చింది గానీ ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇవ్వలేదు. ఆ హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరులో రాష్ట్ర సవరణతో వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. రాష్ట్ర సవరణ వచ్చేసరికి ఆమె పోయి నాలుగేళ్లు. కుటుంబ న్యాయస్థానాల కథా అంతే. 1953లో చైనా వెళ్లి అక్కడ చూసి వచ్చి, ఇక్కడా పెట్టాలని నెహ్రూకూ న్యాయమూర్తులకూ చెప్పింది ఆమె. చట్టం వచ్చింది 1984లో.

ఇప్పుడు అసలు పని. మీ విలేకరులు గానీ విద్యార్థులు గానీ ఆమె ప్రసంగాలు వెతకాలంటే ఎక్కడ తడబడతారో మాకు తెలుసు, ఎందుకంటే అందరూ అక్కడే తడబడతారు.

మొదటిది పేరు. "దేశ్‌ముఖ్" అని వెతికితే ఆమె దొరకరు. సి.డి. దేశ్‌ముఖ్‌తో పెళ్లి 1953 జనవరి 22న జరిగింది. రాజ్యాంగ సభ నడిచినంత కాలం ఆమె పేరు రికార్డుల్లో "శ్రీమతి జి. దుర్గాబాయి". "దేశ్‌ముఖ్" అని వెతికి ఏమీ దొరక్క, సభలో పెద్దగా మాట్లాడలేదేమో అనుకునే ప్రమాదం ఉంది.

రెండోది అధికరణం సంఖ్య. చర్చల్లో ఉండేవి ముసాయిదా సంఖ్యలు. 315 కాస్తా 395 అయ్యేసరికి సంఖ్యలన్నీ మారిపోయాయి. 25వ అధికరణం మీద చర్చ అని వెతికితే ముసాయిదా 25 వస్తుంది. అది సుప్రీంకోర్టుకు వెళ్లే హక్కు, ఇప్పటి 32. మత స్వేచ్ఛ కావాలంటే 19 చూడాలి. ముసాయిదా సంఖ్య, తుది సంఖ్య పక్కపక్కన ఉన్న పట్టిక దగ్గర పెట్టుకోకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

మూడోది తేదీ, సంపుటం. చర్చలు 12 సంపుటాలు. ఏడో సంపుటం 1948 నవంబరు 4 నుంచి 1949 జనవరి 8 వరకు, ఆలయ ప్రవేశ సవరణ అందులో ఉంది. ఎనిమిదోది 1949 మే 16 నుంచి జూన్ 16 వరకు, వయసు సవరణ అక్కడ. తొమ్మిదోది జూలై 30 నుంచి సెప్టెంబరు 18 వరకు, భాష చర్చ అక్కడ. ఏడో సంపుటం చదివేటప్పుడు "మిస్టర్ వైస్ ప్రెసిడెంట్" అని కనబడితే ఉపరాష్ట్రపతి అని అనువదించేవారున్నారు. ఉపరాష్ట్రపతి పదవి 1952లో మొదలైంది. ఆ రోజుల్లో అధ్యక్షత వహించింది సభ ఉపాధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ. రాజేంద్రప్రసాద్ ఆ కాలంలో చాలా రోజులు సభకు రాలేదు.

నాలుగోది అన్నిటికంటే ఎక్కువ తప్పుదారి పట్టించేది. రాజ్యాంగ సభకు రెండు పనులుండేవి. రాజ్యాంగం రాయడం ఒకటి. 1947 నవంబరు 17 నుంచి మామూలు చట్టసభగా బిల్లులు, ప్రశ్నలు, బడ్జెట్ చూడడం రెండోది. రెండో పనికి స్పీకర్ మావలంకర్. దాని చర్చలు వేరే వరుసగా అచ్చయ్యాయి, ఈ 12 సంపుటాల్లో ఉండవు. 1950 జనవరి 26 నుంచి అదే సభ తాత్కాలిక పార్లమెంటుగా 1952 ఏప్రిల్ దాకా నడిచింది, దానికి మరో వరుస. హిందూ కోడ్ మీద ఆమె మాటలు కావాలంటే ఈ రెండు వరుసల్లో చూడాలి. 12 సంపుటాలు తిరగేసి హిందూ కోడ్ మీద ఆమె మౌనంగా ఉన్నారని తేల్చడం అన్యాయం.

ఇక చదివే పద్ధతి. ప్రసంగం ఒక్కటే తీసుకుంటే సగమే దొరుకుతుంది. ముసాయిదా వాక్యం, ఆమె సవరణ మాటలు, అంబేద్కర్ జవాబు, ఓటు ఫలితం, తుది రాజ్యాంగ వాక్యం, ఈ ఐదూ వరుసగా పెట్టుకోవాలి. అంబేద్కర్ జవాబు రెండు మూడు పేజీల తర్వాత, ఒక్కోసారి మర్నాటి చర్చలో ఉంటుంది, దాన్ని వదిలేస్తే సవరణ గతి తెలియదు. ఓటు దగ్గర "సవరణ ఆమోదం పొందింది" అన్న ఒక్క వరుసే ఉంటుంది, కళ్లు దాటిపోతుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, మహిళా శాసనసభ్యుల గురించి మనం రాసే తీరే మారాలి. వాళ్ల త్యాగం రాస్తాం, సేవ రాస్తాం, చీర కట్టు కూడా రాస్తాం. బిల్లులో ఏ ఖండం మీద ఏం మాట్లాడారో రాయం. రాజ్యాంగ సభలో ఉన్న మహిళలు 15 మంది. మద్రాసు నుంచే దుర్గాబాయితో పాటు అమ్ము స్వామినాథన్, దాక్షాయణి వేలాయుధన్ ఉన్నారు. ముగ్గురివీ మూడు గొంతులు, మూడు విషయాలు. అందరినీ కలిపి "వీరనారులు" అని ఒక పెట్టెలో అచ్చు వేస్తే ఒక్కరూ కనబడరు. 2023లో వచ్చిన 106వ సవరణ లోక్‌సభలో, శాసనసభల్లో మూడో వంతు సీట్లు మహిళలకు కేటాయించింది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాక అది అమల్లోకి వస్తుంది. అప్పుడు మొదటిసారి సభలోకి అడుగుపెట్టే తెలుగు మహిళలకు పనికొచ్చే పాఠం జైలు కథ కంటే ఎక్కువగా "ఎనీ"ని "ఆల్" చేసిన సవరణలో ఉంది. నోటీసు గడువులోపు ఇవ్వడం, వాక్యాన్ని పాడుచేయకుండా మాట మార్చడం, కారణం నాలుగు మాటల్లో చెప్పడం, వంతు వచ్చిన రోజు సభలో ఉండడం. ఇవన్నీ నేర్చుకోదగినవే, ఎవరూ నేర్పడం లేదు.

దుర్గాబాయి 1952 ఎన్నికల్లో గెలవలేదు. ఆ తర్వాత ప్రణాళికా సంఘం, 1953 నుంచి కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు, 1958లో మహిళా విద్య మీద జాతీయ కమిటీ, ఇలా ఆమె పని సభ బయటికి మళ్లింది. అందువల్లే కావచ్చు, సంఘ సేవకురాలన్న పేరు శాసనకర్త అన్న పేరును కప్పేసింది. సభలో ఉన్నది కొద్ది కాలమే. ఆ కొద్ది కాలంలో ఆమె చేసినదాన్ని కనీసం ఆమె రాష్ట్రంవారైనా సరిగ్గా చదవాలి.

కాబట్టి మా కోరిక ఇది. వచ్చే జూలై 15న మామూలు జీవిత చరిత్ర వ్యాసానికి బదులు, ముసాయిదా 19వ అధికరణం రెండో ఖండాన్నీ, ఇప్పటి 25(2)(బి)నీ పక్కపక్కన తెలుగులో అచ్చు వేయండి. మారిన మాటలను లావు అక్షరాల్లో పెట్టండి. కింద ఆ సవరణ మీద ఆమె చేసిన ప్రసంగానికి పూర్తి తెలుగు అనువాదం వేయండి. అది పొడవైనది కాదు, అర పేజీలో సరిపోతుంది. సంపుటం సంఖ్య, తేదీ ఇవ్వండి. పేరు దగ్గర "జి. దుర్గాబాయి (తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్)" అని వేయండి. 750 అన్న అంకెను ఆ రోజుకు పక్కన పెట్టండి. అనువాదం చేసి ఇవ్వడానికి, న్యాయ పదాలు సరిచూడడానికి మేం సిద్ధంగా ఉన్నాం. జూన్ మొదటి వారంలోపు చెబితే చాలు.

ఇట్లు,
రాజ్యాంగ చరిత్ర బోధించే కొందరు అధ్యాపకులు, న్యాయవాదులు